మా జేజి చెల్లెలి మొగుడి అక్క కొడుకు

ఆ రోజుల్లో మా మైదుకూరు చుట్టుపక్కల బ్యాంకు ఉద్యోగం అంటే అందరికీ ఒకే బొమ్మ కళ్ళముందు కదిలేది. గాజు అద్దం వెనక ఒక మనిషి, అద్దం ముందు పాసుబుక్కులు పట్టుకుని ఊరు ఊరంతా, ఆ మనిషి తల ఎత్తకుండా "రేపు రాపో" అనడం. అందుకని బొంబాయిలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు, 'ఇన్వెస్ట్‌మెంట్' అన్న మొదటి మాట మా వీధిలో ఎవరి చెవికీ ఎక్కలేదు. రెండో మాట మాత్రం సాయంత్రానికల్లా ఊరు చుట్టి వచ్చింది. మా అరుగు నిండిపోయింది. కుదువ పెట్టిన గాజులు విడిపించమని ఒకరు, పంట లోను సంగతి చూడమని ఇంకొకరు. "అది అట్లాంటి బ్యాంకు కాదు, అందులో డబ్బు ఉండదు" అని నేను నిజం చెప్పబోతే మా నాయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి, "డబ్బు లేని బ్యాంకులో చేరినావని బయట చెప్పగాకురా, పరువు పోతాది" అని గట్టిగా మందలించాడు. (అప్పటికే ఆలస్యమైంది. ఆ మాట కిటికీలోంచి బయటికి పోనే పోయింది. అది ఎంత దూరం పోయిందో తర్వాత తెలిసింది.)

అసలు ఆ పని ఏమిటో అమ్మకు అర్థమయ్యేట్లు చెప్పాలని చాలా తిప్పలు పడ్డాను. కంపెనీలు అమ్మేవాళ్ళు ఉంటారు, కొనేవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఒకరికొకరు తెలియదు, మేము మధ్యలో ఉండి ఇద్దరినీ కలుపుతాం, కుదిరితే మాకు కొంత ఇస్తారు అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విని, "అంటే పెళ్ళిళ్ళ పేరయ్యవా? దానికి ఎంబీయే ఎందుకురా, మన పక్కింటాయన ఏం చదివి సంబంధాలు కుదురుస్తాండాడని" అంది. ఇన్నేళ్ళలో ఆ వృత్తిని గురించి పెద్ద పెద్ద వాళ్ళు చెప్పిన మాటలు చాలా విన్నాను గానీ, అమ్మ చెప్పినంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు.

ఆ ఉద్యోగం రావడం కూడా ఒక వింతే. కడపలో బీకాం చదివి, తర్వాత ఎట్లాగో ఎంబీయే గట్టెక్కినవాడిని. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళలో నాకు తప్ప అందరికీ ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినట్లే ఉంది. "ఈ వృత్తే ఎందుకు?" అని అడుగుతారని ఒక జవాబు బట్టీపట్టుకుని పోయాను. వాళ్ళు అది అడగనే లేదు. "నువ్వు కళ్ళారా చూసిన బేరం ఒకటి చెప్పు" అన్నారు. బట్టీపట్టినదంతా ఎగిరిపోయి, నోటికి వచ్చింది చెప్పాను. మా చిన్నాయన ఎద్దును కొన్న కథ. మొదటిసారి పోయినప్పుడు చిన్నాయన ఎద్దు వైపు చూడను కూడా చూడలేదు. ఎద్దు ఆసామి పక్కన కూర్చుని, మీ అమ్మ పుట్టిల్లు యాడ, మీ పెద్దక్కను ఎవరికి ఇచ్చినారు అని అడిగి అడిగి, చివరికి ఇద్దరూ వరసకు బావాబామ్మర్దులని తేల్చి, వాళ్ళింట్లో మజ్జిగ తాగి ఇంటికి వచ్చేశాడు. రెండోసారి పోయినప్పుడు ఎద్దు బేరం ఎంతసేపో పట్టలేదు. "మా వైపు ముందు వరస కలుపుతారు సార్, తర్వాతే ధర" అని ముగించాను. బల్లకు అవతల ఉన్న ముగ్గురూ నవ్వారు. వాళ్ళు నవ్వేది నన్ను చూసో ఎద్దును చూసో తెలియక నేనూ నవ్వాను. వారం తిరగకముందే ఉత్తరం వచ్చింది.

చేరాక తెలిసింది, లోపలికి పోవడం ఒక ఎత్తు, లోపల నిలబడటం ఇంకో ఎత్తు అని. మొదటి ఏడాది పరీక్ష ఏడాది. అది ముగిసేలోపు వీడు పనికొస్తాడని పైవాళ్ళు అనుకుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. నా పై అధికారిని మేమందరం చాటుగా మిల్లీమీటరు సారు అనేవాళ్ళం. కంపెనీల లెక్కలు తప్పయినా ఓర్చుకునేవాడు గానీ, స్లైడు మీద బొమ్మ వెంట్రుకంత పక్కకు జరిగినా ఓర్చుకునేవాడు కాదు. కంప్యూటర్ తెరకు ముక్కు ఆనించి, "ఇది ఒక మిల్లీమీటరు కిందికి ఉంది" అనేవాడు. నాకు కొలబద్ద పెట్టి చూసినా కనిపించేది కాదు. జరిపినట్లు నటించి మళ్ళీ చూపిస్తే, "ఇప్పుడు బాగుంది" అనేవాడు. (జరపలేదని చెప్పే ధైర్యం నాకు ఈనాటికీ రాలేదు.) అట్లా బొమ్మలు జరుపుతూ, జరపకుండా, ఏడాది చివరికి వచ్చేశాను. పనికొస్తాడని ఎవరూ అనలేదు. పనికిరాడని కూడా అనలేదు. దాని అర్థం ఏమిటో ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

సరిగ్గా అప్పుడు బేతంచెర్ల నుంచి ఒక పిలుపు వచ్చింది. అక్కడ నాపబండల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్న ఒక పెద్ద ఆసామి తన కంపెనీలో కొంత వాటాను బయటివాళ్ళకు ఇచ్చి కొత్త పెట్టుబడి తెచ్చుకోవాలనుకుంటున్నాడట. ఆ పని మా బ్యాంకు ద్వారానే చేయిస్తానని ఆయన ఒక ఒప్పందం మీద సంతకం పెడితే చాలు, మాకు పండగే. మిల్లీమీటరు సారు మ్యాపులో బేతంచెర్లను వెతికి, దొరకక, తల ఎత్తి, "మన ఎద్దు అబ్బాయి ఎక్కడ?" అన్నాడు. అప్పటికి ఆఫీసులో నా పేరు అదే. "ఈ సంతకం తెస్తే నీ ఉద్యోగానికి ఢోకా లేదు" అని కూడా అన్నాడు. ఆ మాటకు నా ప్రాణం లేచి వచ్చింది.

బయలుదేరే ముందు మా ఆఫీసులో ఒక తంతు ఉంటుంది. నిబంధనల మేడమ్ అని ఒకావిడ ఉండేది. బ్యాంకులో ఎవరూ దొంగపని చేయకుండా చూడటమే ఆవిడ ఉద్యోగం. మేము ఏ కంపెనీ పని మీద పోయినా ముందు పిలిచి, ఆ కంపెనీలో మీ బంధువులు ఎవరైనా ఉన్నారా అని అడిగేది. ఉంటే ఆ పని నుంచి తప్పిస్తారు. ఉండీ చెప్పకపోతే ఉద్యోగమే పోతుంది. నన్ను పిలిచి అడిగింది. బేతంచెర్ల మా ఊరికి బోలెడు దూరం, ఆ ఆసామి పేరు కూడా నేను వినలేదు. "ఎవరూ లేరు మేడమ్" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను. అబద్ధం ఆడలేదు. ఆ ఆసామికి నా గురించి తెలియదు, నాకు ఆయన గురించి తెలియదు. అంతవరకు బాగానే ఉంది.

నేనూ మిల్లీమీటరు సారూ కలిసి బయలుదేరాం. హైదరాబాదు దాకా విమానం, అక్కడి నుంచి కర్నూలు మీదుగా కారు. బేతంచెర్ల దగ్గర పడేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా బండల దొంతరలు, చెట్లన్నీ తెల్లటి దుమ్ము పట్టి ఉన్నాయి. ఆసామి ఫ్యాక్టరీ ముందరే నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భారీ మనిషి. మిల్లీమీటరు సారును చూసి చక్కటి హిందీలో పలకరించాడు. చిన్నప్పుడు ఉన్న వీధిలో అంతా ఉర్దూ మాట్లాడేవాళ్ళేనట, తర్వాత ఉత్తరాదికి లారీలు పంపి పంపి నోరు ఇంకా బాగా తిరిగింది. మా సారు ముఖం వెలిగిపోయింది. నా గుండె మాత్రం కొంచెం జారింది. తెలుగులో ఏం మాట్లాడినా సారుకు అర్థం కాదులే, మాటలన్నీ నా చేతి మీదుగానే పోతాయిలే అన్న ధీమాతో వచ్చినవాడిని కదా!

టీ వచ్చింది. మా సారు ల్యాప్‌టాప్ తెరవబోతున్నాడు. ఆసామి దాన్ని చూడనే లేదు, నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, నీది యాడ?"

"బొంబాయి నుంచే వచ్చినాం సార్."

"బొంబాయి పనికి పోయింది. పుట్టింది యాడ?"

"కడప పక్కన."

"కడప పక్కన శానా ఊర్లు ఉండాయి."

"మైదుకూరు పక్క సార్."

"మైదుకూరుకు నాలుగు పక్కలు ఉండాయి. ఏ పక్క?"

మొదట్లో నాకూ సంతోషంగానే ఉంది. నా ఎద్దు కథ నా కళ్ళముందే జరుగుతోంది, సారు కూడా 'కానివ్వు, కానివ్వు' అన్నట్లు తల ఊపుతున్నాడు. అప్పుడు ఆసామి సారు వైపు తిరిగి, "మైదుకూరు అంటే మావాళ్ళే ఎక్కువ సాబ్, చూస్తూ ఉండండి, ఈ పిల్లవాడు మా రిష్తేదార్ అవుతాడు" అని హిందీలో నవ్వుతూ అన్నాడు. చుట్టం అన్న ఆ మాటకు సారు తల ఊపడం ఆగిపోయింది. నాకు నిబంధనల మేడమ్ కళ్ళద్దాలు కనిపించాయి. ఇంక అక్కడి నుంచి నేను చేసిన ప్రయత్నమంతా ఒకటే, ఆ మనిషికి నేను ఏమీ కానని నిరూపించుకోవడం. మా సీమలో అంతకంటే కష్టమైన పని ఇంకొకటి లేదు. ఎవరినైనా కదిలించండి, రెండు ఊర్లు దాటకముందే అత్తో మామో అయి తీరుతారు.

"మేము శానా ఏండ్ల కిందనే ఊరు వదిలేసినాం సార్. ఆడ మాకు ఎవరూ తెల్దు" అన్నాను. (మా నాయన ఆ సమయంలో ఊళ్ళోనే పసుపు కొమ్ములు ఆరబెట్టుకుంటూ ఉన్నాడు.)

"అట్లనా, పాపం" అన్నాడు ఆసామి, నిజంగానే జాలిపడి. జాలిపడి ఊరుకున్నాడా? జేబులోంచి ఫోను తీశాడు. "మైదుకూరులో పసుపు యాపారం చేసే మా బామ్మర్ది ఉండాడు. ఉన్నోల్లే కాదు, ఊరు వదిలి పోయినోల్లు కూడా ఆయనకు తెలుసు. ఉండు."

"వద్దు సార్, ఆయనకు ఎందుకు శ్రమ" అంటూనే ఉన్నాను, ఫోను కలిసింది. స్పీకర్ కూడా పెట్టాడు.

"బామ్మర్దీ, మీ పక్క పిల్లోడు ఒకడు వచ్చినాడు, బొంబాయిలో బ్యాంకులో చేస్తాండాడంట..."

"ఎవరు, ఆ డబ్బు లేని బ్యాంకులో చేరినోడా?" అంది ఫోను. "తెలీకపోవడమేమి బావా, వాల్ల నాయన నిన్ననే మండీకి వచ్చి పోయినాడు."

నేను తల దించుకుని టీ గ్లాసులో చూసుకున్నాను. ఆసామి నా వైపు ఒకసారి చూసి, ఊరు వదిలిన సంగతి ఏమీ అడగకుండా (మర్యాదస్థుడు), "వాల్లు మనకేమవుతారు?" అన్నాడు. ఫోనులో ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ కాసేపట్లో నేను తలవని దేవుడు లేడు. "ఆ పిల్లోని జేజి ఉన్నింది కదా, ఆమె చెల్లెల్ని నందికొట్కూరుకు ఇచ్చినారు బావా."

"నందికొట్కూరా! యా ఇంటికి?"

"యా ఇంటికి ఏందబ్బా, మీ అమ్మ పుట్టింటికే కదా! మీ మేనమామ పెండ్లామే కదా ఆమె!"

ఆసామి తొడ చరిచి లేచాడు. "అల్లుడూ!" అని నన్ను కుర్చీలోంచి లేపి గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ భుజం మీదుగా నాకు మిల్లీమీటరు సారు ముఖం కనిపించింది. నవ్వు ఉంది గానీ ఒక మిల్లీమీటరు తగ్గింది. "సాబ్, చెప్పానా! మా మేనమామ భార్యకు వీళ్ళ నాయనమ్మ సొంత అక్క. నేను వీడికి మామను" అని ఆసామి హిందీలో పొల్లు పోకుండా వివరిస్తుంటే, నా ఉద్యోగం అక్కడి తెల్ల దుమ్ములో కలిసిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

"భోజనం అయినాకనే సంతకం" అని మామ (ఇంక ఆయనను మామ అనక తప్పదు) మమ్మల్ని ఇంటికి తీసుకుపోయాడు. కాళ్ళు కడుక్కునే చోట సారు నా చెవిలో బుసకొట్టాడు. "బంధువులు లేరని మేడమ్‌కు చెప్పి వచ్చావు కదా. ఇప్పుడు ఇది ఏమిటి? నీ ఉద్యోగమే కాదు, నా ముఖం కూడా పోతుంది." నాకు తెలియదు సార్, ఇప్పుడే తెలిసింది సార్ అంటే వినేట్లు లేడు. ఆయన వైపు నుంచి చూస్తే నిజమే. సొంత మామను గుర్తుపట్టని అల్లుడు ఎక్కడైనా ఉంటాడా? నిబంధనల మేడమ్‌కు అక్కడే నిలబడి సంగతంతా మెసేజ్ పెట్టాడు. ఇంక జవాబు రావాలి. జవాబు వచ్చేలోపు అన్నం తినాలి. ఉరిశిక్ష పడ్డవాడికి పెట్టే భోజనం ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. చాలా బాగుంటుంది.

మామ వాళ్ళమ్మ బయటికి వచ్చింది. చిన్న మనిషి, నడుము వంగిపోయింది గానీ గొంతు ఖంగుమంటోంది. నా గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసి, "మా మరదలి అక్క మనవడివా నువ్వు! ఆ ముక్కు మీ జేజిదే. మా తమ్ముని పెండ్లిలో ఇంత లావు ముక్కెర పెట్టుకుని తిరిగింది" అంది. ఆవిడ చెయ్యి నా గడ్డం మీద ఉండగానే నా చెయ్యి నా ముక్కు మీదికి పోయింది. మా జేజి పోయి అప్పటికి చాలా ఏళ్ళు. ఆమె ముక్కెరను గురించి మాట్లాడినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. చాప వేసి కూర్చోబెట్టారు. సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, వేరుశనగలు నూరిన ఊరిబిండి. మా సారు కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నాడు. అవ్వ పక్కనే కూర్చుని, వద్దన్నకొద్దీ వడ్డించింది. మామ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఒప్పందం కాగితాలు తిరగేస్తూ, పెన్ను మూత తీసి చేతిలో సిద్ధంగా పట్టుకున్నాడు.

అప్పుడు మోగింది నా ఫోను. నిబంధనల మేడమ్. కుడిచేతి నిండా సంగటి, ఎడమచేతిలో ఫోను. "స్పీకర్ పెట్టు" అన్నాడు సారు.

"ఆయన నీకు ఏమవుతారో వరుసగా చెప్పు" అంది మేడమ్ ఇంగ్లీషులో.

"మా నాయనమ్మ ఉంది కదా మేడమ్..."

"నాయనమ్మ. సరే."

"ఆమె చెల్లెలు."

"ఊ."

"ఆమె భర్త."

అవతల పెన్ను గీకుతున్న చప్పుడు.

"ఆయన అక్క."

"ఇంకా ఉందా?"

"ఆమె కొడుకు మేడమ్. అంతే."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "మన నిబంధనల ప్రకారం బంధువులంటే భార్య, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు. నువ్వు చెప్పిన మనిషి వీళ్ళలో ఎవరూ కాదు. ఆయన నీకు పరాయివాడే. హాయిగా పని చేసుకో" అని మేడమ్ ఫోను పెట్టేసింది.

నా ఉద్యోగం నిలబడింది! నా నెత్తిన పాలు పోసింది ఆ తల్లి! ఆ సంతోషాన్ని ఎవరితో పంచుకోవాలి? ఎదురుగా ఎవరుంటే వాళ్ళతో. సంగటి చేతిని పైకెత్తి, ఇల్లు అదిరిపోయేట్లు అరిచాను.

"మామా! మనం బంధువులం కామంట!"

ఆ మాట గది అంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. గరిటె పట్టుకున్న అవ్వ చెయ్యి గాలిలోనే ఆగింది. వంటింటి గుమ్మంలో నిలబడిన ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"ఎవరు చెప్పింది?"

"బొంబాయిలో... మా మేడమ్."

"ఆయమ్మది యా ఊరు?"

"తెల్దు మామా."

"మీ జేజి యా ఊరిదో తెలుసా ఆయమ్మకు? మా మేనమామ తెలుసా?"

మామ పెన్నుకు మూత పెట్టాడు. ఆ టిక్కుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "మా అమ్మ పెట్టిన సంగటి నీ చేతిలోనే ఉండాది అల్లుడా. అది నోట్లోకి పోకముందే ఏమీ కామంటివే" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. లేచి బయటికి పోయి, వాకిట్లో బండల దొంతర దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు.

మా సారుకు మాట అర్థం కాలేదు గానీ పెన్ను మూత అర్థమైంది. "ఏమైంది? ఏమన్నావు? ఎందుకు పోయాడు?" అని నా మోచెయ్యి గుంజుతున్నాడు. చెప్పాను. "నిబంధన నీ వైపు ఉంది. నువ్వు నోరు మూసుకుని కూర్చో, నేను పోయి బతిమాలుతాను" అన్నాడు. నిజమే, అట్లా కూర్చుంటే సరిపోయేది. ఆయన బతిమాలేవాడు, మామ మెత్తబడేవాడేమో కూడా. ఇంతలో అవ్వ నా విస్తరి వైపు చూసి, పెరుగు గిన్నె దగ్గరికి జరుపుకుని, "పోనీలే నాయనా, కాకపోతే కాకపోతివి. పెరుగు ఏసుకుని కడుపునిండా తిను, శానా దూరం పోవాల నువ్వు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఏమీ కానివాడు కూడా ఆకలితో పోకూడదు, అంతే. నాకు ఏడుపు వచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఎంబీయే చదివి, టై కట్టుకుని, పెరుగన్నం ముందు కూర్చుని ఏడ్చాను. మా సారు అది మిరపకాయ ఘాటనుకుని నీళ్ళ గ్లాసు అందించాడు.

ఎడమచేత్తో మేడమ్‌కు మళ్ళీ ఫోను చేశాను. "మేడమ్, రాసుకోండి. ఆయన నాకు బంధువే."

"కాదని ఇప్పుడే చెప్పాను కదా!"

"మీ పుస్తకంలో కాదు మేడమ్. మా ఇంట్లో అవుతాడు."

"రాస్తే నిన్ను ఈ పని నుంచి తీసేయాలి. ఏడాది చివర్లో ఉన్నావు. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"ఏ వరసలో రాయమంటావు? నా దగ్గర దానికి మాట కూడా లేదు."

"మామ అని రాయండి మేడమ్."

మా సారు నా వైపు చూడటం మానేసి, విస్తరిలో మిగిలిన ఊరిబిండి వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను చెయ్యి కడుక్కుని వాకిట్లోకి పోయాను. మామ వెనక్కి తిరగలేదు. "మామా, బంధువునని రాయించినా" అన్నాను. అప్పుడు తిరిగాడు. "ఆయమ్మ ఒప్పుకునిందా?" "ఒప్పుకునింది. కానీ ఇంక ఈ పనిలో నేను ఉండకూడదంట." "అదేంది? నా పనిలో నా అల్లుడు ఉండకపోతే ఇంకెవరుంటారు?" ఎట్లా చెప్పాలో తెలియక, "పంచాయితీలో వరసైనోడు తీర్పు చెప్పే పెద్దమనిషిగా కూచోకూడదు కదా మామా, అట్ల" అన్నాను. మామ మీసం సవరించుకున్నాడు. "అది న్యాయమే" అన్నాడు. లోపలికి వచ్చి, పెన్ను మూత తీసి, మా సారు చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. పెడుతూ పెడుతూ, "ఆయమ్మ ఎవరో గానీ నీతి గల మనిషి అల్లుడూ. యా ఊరో కనుక్కో" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో కర్నూలు దాటేదాకా సారు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బొమ్మలు జరుపుతూ కూర్చున్నాడు. దాటాక, ఆ చెనక్కాయల పచ్చడి పేరేమిటని అడిగి, ఊరిబిండి అని రెండుసార్లు పలికి చూసుకుని, తర్వాత అన్నాడు. "నేనైతే పెరుగన్నం తినేవాడిని. రెండో ఫోను చేసేవాడిని కాదు." తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియలేదు. ఆ సంతకం గొప్పంతా, నా బదులు ఆ పనిలోకి వచ్చిన పక్క సీటు కుర్రవాడి ఖాతాలో పడింది. వాడి ఉద్యోగం ఖాయమైంది, నా పరీక్ష ఏడాదిని ఇంకొంత పొడిగించారు. తీసెయ్యలేదు, అదే పదివేలు. మళ్ళీ బొమ్మలు జరిపాను, జరపకుండా జరిపానని చెప్పాను, మెల్లగా నిలదొక్కుకున్నాను.

ఆ తర్వాత మామ కంపెనీ బాగా పెరిగింది. మా బ్యాంకుకు మళ్ళీ మళ్ళీ వచ్చింది, ప్రతిసారీ అంతకంటే పెద్ద పనితో. నేను మాత్రం ప్రతిసారీ తలుపు బయటే. ఏటా బంధువుల వివరాలు చెప్పే రోజు వచ్చినప్పుడు నిబంధనల విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు ఫోను చేసి, "సార్, ఈయన మన నిబంధనల్లోకి రారు, తీసేద్దామా? తీసేస్తే ఈ కంపెనీ పని మీరే చూసుకోవచ్చు" అని నా మేలు కోరే అడుగుతారు. ఉండనివ్వమ్మా అంటాను. ఆ కంపెనీ పనులు చేసినవాళ్ళలో కొందరు నాకంటే పైకి పోయారు. అందులో నాకు బాధ లేదంటే అబద్ధం అవుతుంది. బోనసులు ఇచ్చే నెలలో కొంచెం ఉంటుంది. తర్వాత ఎండాకాలంలో మామ పంపించే మామిడిపండ్ల బుట్ట వస్తుంది, మర్చిపోతాను.

మొన్నామధ్య పొద్దున్నే మామ ఫోను చేశాడు. "అల్లుడూ, అవ్వ పోయింది. రా" అన్నాడు, అంతే. నేను వస్తానా రానా అని ఆయనకు అనుమానమే లేదు. ఆఫీసులో సెలవు అడిగితే ఆ అమ్మాయి కంప్యూటర్‌లో ఏదో తెరిచి, "ఎవరు సార్?" అంది. జేజి, జేజి చెల్లెలు, ఆమె మొగుడు, ఆయన అక్క, అంతా నాలుక చివరి దాకా వచ్చింది. "మా అవ్వ" అన్నాను. "అయ్యో, వెళ్ళి రండి సార్" అంది. ఇంకేమీ అడగలేదు. విమానంలో కూర్చున్నాక నవ్వు వచ్చింది, కళ్ళు కూడా తడిశాయి. ఆ వరసంతా చెప్పడానికి ఇన్నేళ్ళుగా సిద్ధంగా ఉన్నవాడిని, ఇంకొక్క మాట అడిగి ఉండకూడదా ఆ పిల్ల అనుకున్నాను.